కంప్యూటర్ ఎక్కని కొండ

మేకలకొండ మీద రైల్వే రేడియో టవర్ నిలబెట్టిన చోటును కంప్యూటర్ ఎంపిక చేసిందని మా రిటైరైన ఉద్యోగుల సంఘం ప్రత్యేక సంచికలో అచ్చు వేశారు. అది అబద్ధం. ఆ చోటును వెతికింది ఒక మనిషి. ఆయన పేరు సుబ్బారాయుడు గారు. సంచికలో ఆ పేరు ఏ మూలా లేదు. టవర్ బొమ్మ ఉంది, రిబ్బను కత్తిరిస్తున్న చెయ్యి ఉంది, ఆ చేతి తాలూకు పెద్దమనిషి మెడలో బంతిపూల దండ ఉంది. కింద "అధునాతన కంప్యూటర్ పరిజ్ఞానంతో ఎంపిక చేసిన స్థలంలో" అని ఒక వాక్యం ఉంది. నేను అడుగుతున్నాను, కంప్యూటర్ కొండెక్కిందా? తుప్పల్లో పడి ప్యాంటు చింపుకుందా? ఎండలో అద్దం పట్టుకుని నిలబడి భుజం నొప్పి తెచ్చుకుందా? అసలు సంగతి చెబితే సంచిక వేసినవాళ్ళు తలెత్తుకోలేరు. కంప్యూటర్ ఎంపిక చేసింది వేరే చోటు. అది పనికిరాదని తేల్చినందుకే రాయుడు గారిని ఈ ఊరి నుంచి పంపించేశారు.

నేనిది చదివింది పెందుర్తిలో, మా ఇంటి వరండాలో, పొద్దుటి కాఫీ వేళ. ఎదురింటాయన స్కూటరు స్టాండు తీస్తుంటే దాని అద్దం మీద ఎండ పడింది. ఆ వెలుగు ముక్క మా గోడ మీద గెంతి, నా కంట్లో పొడిచి, వెళ్ళిపోయింది. "కనబడింది సార్" అని అరవబోయాను. నోటిదాకా వచ్చిన మాటను కాఫీతో కలిపి మింగాను. లోపలి నుంచి మా ఆవిడ "ఎవుల్తోటి మాటాడతన్నారు" అని అడిగింది. ఎవరితోనని చెప్పను? తొంభైల నాటి ఒక మధ్యాహ్నం వచ్చి నా ఎదుట నిలబడిందని చెబితే డాక్టరు దగ్గరకు పదమంటుంది.

నా సంగతి ఎక్కువ చెప్పుకోను. నా పేరు సింహాచలం. విజయనగరం అవతల వానను నమ్ముకున్న ఊరు మాది. ఐదో తరగతితో బడి ఆగింది. రైల్వేలో ఖలాసీగా చేరి టెలిఫోను స్తంభాలెక్కే పనిలో పడ్డాను. ఉద్యోగంలో ఉన్నంతకాలం మల్కాపురంలోనే కాపురం. మిగిలిన చదువంతా పాత పుస్తకాల కొట్లో తూకానికి కొన్న పుస్తకాలతోనూ, తెలిసినవాళ్ళను అడిగి చీవాట్లు తినీ నేర్చుకున్నదే. అంత కష్టపడి తెలుసుకున్నవాడిని కాబట్టే, తెలిసిన విషయం తప్పుగా అచ్చయితే నాకు అన్నం సయించదు. డిగ్రీలున్నవాళ్ళకు సయిస్తుందేమో.

రాయుడు గారు గోదావరి వైపు నుంచి బదిలీ మీద మా దగ్గరకు టెలికాం ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. పొడుగ్గా, ఎండిన సరుగుడు కర్రలా ఉండేవారు. ఎండైనా వానైనా చంకలో గొడుగుండేది. చేరిన రోజునే నన్ను పిలిచి, యార్డు క్యాబిన్‌కు వెళ్ళే ఫోను లైను ఎలా ఉందని అడిగారు.

"బాగానే ఉండుంటది సార్" అన్నాను.

"చూసేవా?"

"లేదు సార్. నిన్నటిదాకా బాగుంది."

"నిన్నటి సంగతైతే నిన్నటి ఇన్‌స్పెక్టరు గారిని అడిగేవాణ్ణి కదయ్యా. నేను ఇవాళొచ్చేను" అన్నారు, నవ్వకుండా.

ఆ 'చూసేవా' అన్న మాట మొదట్లో నాకు చెంపదెబ్బలా తగిలేది. నాలాంటివాడు 'ఉండుంటది', 'అయ్యుంటది' అనే మాటల మీదే ఉద్యోగం లాగించేస్తాడు. పై అధికారులూ అంతే, కాకపోతే వాళ్ళు ఆ మాటనే ఇంగ్లీషులో రాసి కింద సంతకం పెడతారు. రాయుడు గారి ముందు ఆ పప్పులు ఉడకలేదు. అయితే ఒకటి, ఆయన నన్ను పంపి తాను కుర్చీలో కూర్చునే రకం కాదు. "పద, ఇద్దరం చూద్దాం" అనేవారు. నా ముందే గొడుగు ఊపుకుంటూ బయల్దేరేవారు.

టవర్ ఎందుకు కావలసివచ్చిందో చెప్పాలి. కొండల మీంచి ఇనుప ఖనిజం నింపుకుని వచ్చే గూడ్సు బండ్లు పోర్టు పక్కన యార్డులో ఆగుతాయి. వాటిని విడదీసి, వెనక్కు నెట్టి, మళ్ళీ కలుపుతారు. బండికి ఒక కొసన ఇంజను ఉంటుంది, రెండో కొసన పెట్టెల మధ్య దూరి గొలుసు తగిలించే మనిషి ఉంటాడు. వాడు పచ్చజెండా ఊపితే దారిలో నిలబడ్డవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఊపుతూ డ్రైవరుకు అందించాలి. మధ్యలో ఎర్రదుమ్ము లేచిందా, డ్రైవరుకు జెండా కనబడదు, పెట్టెల మధ్య మనిషి ఉన్నాడో బయటికొచ్చాడో తెలియదు. మా పెద్దక్క మొగుడు అప్పన్న బావ ఆ యార్డులో పాయింట్స్‌మన్. గొలుసు తగిలించే పని అతనిదే. అతనితో కలిసి డ్యూటీ చేసే ఒకాయన అలాగే రెండు పెట్టెల మధ్య నలిగి కాలు పోగొట్టుకున్నాడు. ఆ రోజు నుంచి మా అక్క, బావ గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు వినబడేదాకా పొయ్యి మీద ఎసరు పెట్టేది కాదు.

పాయింట్స్‌మన్ చేతికి ఒక రేడియో, డ్రైవరు దగ్గర ఒక రేడియో ఇస్తామన్నారు. చేతి రేడియోకు బలం తక్కువ. ఎత్తున ఒక టవర్ ఉండి, ఇటు మాట అందుకుని అటు అందించాలి. ఆ టవర్ ఎక్కడ పెట్టాలి, ఎలాంటిది కట్టాలి, ఇది తేల్చే పని రాయుడు గారి నెత్తిన పడింది. పడ్డదనడం తప్పు. ఆయన దాన్ని పండగలా నెత్తికెత్తుకున్నారు.

అప్పటికే మా పెద్దసారు హైదరాబాదులో ఎవరి చేతో కంప్యూటరు మీద లెక్క కట్టించి తెచ్చారు. అంచుల్లో చిల్లులున్న కాగితం, చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉండేది. దాన్ని విప్పి టేబుల్ మీద పరిస్తే అటు చివర కింద పడేది. ఆఫీసు వెనక ఉన్న దిబ్బ మీద, మూడు వైపులా తీగలు లాగి నిలబెట్టే సన్నటి పొడుగాటి స్తంభం చాలునని ఆ కాగితం చెప్పింది. దిబ్బకు రోడ్డుంది, కరెంటుంది, రిబ్బను కత్తిరించడానికి వచ్చేవాళ్ళ కార్లు ఆగే జాగా ఉంది. రాయుడు గారు ఆ కాగితాన్ని ఎగతాళి చెయ్యలేదు. శ్రద్ధగా చదివి, "బాగానే కట్టేరు. పద, చూద్దాం" అన్నారు.

చూడటానికి ఆయన కొన్నవి రెండు అద్దాలు, మంగలి షాపుల్లో గోడకు తగిలించే రకం. పద్ధతి చాలా సులువు. టవర్ కట్టాలనుకున్న చోట ఒకరు నిలబడి అద్దంలో ఎండను పట్టి, ఆ వెలుగును ఎదుటి చోటు మీదకు తిప్పాలి. అక్కడున్నవాడి కంటికి వెలుగు తగిలితే మధ్యలో అడ్డం లేదన్నమాట. వెలుగుకు దారి ఉంటే రేడియో మాటకూ దారి ఉన్నట్టే. ఇంత పెద్ద సంగతి అంత చిన్న అద్దంలో ఉందని తెలిసిన రోజున నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నేను పుస్తకంలో బొమ్మలు చూసి బట్టీపట్టిన గీతలన్నీ నిజంగా గాలిలో ఉన్నాయన్నమాట.

రాయుడు గారు దిబ్బ ఎక్కారు. నేను యార్డు చివర, ఖనిజం గుట్టకు ఇవతల, డ్యూటీ దిగిన బావను తోడు పెట్టుకుని నిలబడ్డాను. ఆ దిబ్బ మీద పట్టపగలు ఒక నక్షత్రం పుట్టింది. వణికింది, ఆరింది, మళ్ళీ వెలిగింది.

"అద్గదిగో బావా" అన్నాడు అప్పన్న బావ. మా వైపు ఇద్దరం ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటాం. "సూరీడు దిగొచ్చి మీ ఆఫీసులో ఉజ్జోగం సేత్తన్నాడేటి?"

కంప్యూటర్ చెప్పింది సరిపోయింది. నేను సంతోషంగా అద్దం తిప్పి జవాబిచ్చాను. కాసేపటికి రాయుడు గారు జీపులో యార్డుకు వచ్చారు. వచ్చినవారు మా ఇద్దరినీ మెచ్చుకోలేదు. గొడుగు నేలకు పోటుపెట్టి, పక్కనున్న ఎర్రగుట్ట వైపు తలెత్తి చూస్తూ నిలబడిపోయారు. యార్డుకూ దిబ్బకూ మధ్య ఉన్నది ఆ ఖనిజం గుట్టే. ఆ రోజు దాని మీదుగా వెలుగు హాయిగా దాటి వచ్చింది.

"ఏవయ్యా అప్పన్నా, ఈ గుట్ట ఎప్పుడూ ఇంతే ఉంటుందా?"

"ఎందుకుంటాది బాబూ. ఓడొత్తే తరిగిపోద్ది, రాకపోతే పెరిగిపోద్ది. సముద్రం బాగోలేదనుకోండి, అప్పుడిది గుట్ట కాదు, సింవాచలం కొండే."

రాయుడు గారు నా వైపు తిరిగారు. ఆ కళ్ళలో మెరుపు ఇప్పటికీ గుర్తుంది. "చూసేవా? మ్యాపులో గుట్ట లేదు. కంప్యూటర్‌కి ఓడ సంగతి ఎవరూ చెప్పలేదు. మనం మళ్ళీ రావాలయ్యా."

ఇక ఆయన హడావిడి చూడాలి. రోజూ పొద్దున్నే పేపర్లో వాతావరణం వార్త వెతుక్కునేవారు. ఊరంతా వాయుగుండం అంటే భయపడుతుంటే ఈయన ఒక్కరే ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశారు. వచ్చింది. ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా సముద్రంలోనే నిలబడ్డాయి. గూడ్సు బండ్లు మాత్రం రావడం మానవు కదా, అవి తెచ్చింది తెచ్చినట్టు పోస్తూ పోయారు. వాన వెలిసి ఎండ కాసిన మొదటి రోజున మళ్ళీ అదే దిబ్బ మీద ఆయన, అదే చోట మేమిద్దరం. మా ఎదుట గుట్ట ఆకాశానికి నిచ్చెన వేసినట్టుంది. ఎంత చూసినా నక్షత్రం పుట్టలేదు. క్యాబిన్‌లోకి పరుగెత్తి, దిబ్బ మీదకు తీగ లాగి పెట్టుకున్న ఫోనుకు చేశాను.

"సార్, అద్దం పట్టండి."

"పట్టుకునే ఉన్నాను. చెయ్యి పడిపోతోంది."

"ఇక్కడ ఏమీ లేదు సార్."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు సార్."

"నిజంగా ఏమీ లేదా?" అన్నారు, లాటరీ తగిలిన మనిషి గొంతుతో. ఏమీ లేదన్న మాటకు అంత సంబరపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. తప్పు దొరికితే ఆయనకు విందు భోజనం. ఎందుకంటే దొరకని తప్పు ఏదో ఒక రోజు పెట్టెల మధ్య మనిషి మీద పడుతుంది. ఆ మాట ఆయన నాతో అనలేదు. నేనే అర్థం చేసుకున్నాను.

తర్వాత రోజులన్నీ కొండలే. స్టీలు ప్లాంటు వైపు గుట్టలు, పోర్టు వైపు గుట్టలు, రెండింటి మధ్య మేకలు తప్ప ఎవరూ వెళ్ళని మేకలకొండ. ఈ చివరిది ఎక్కిన రోజున మొదట శిఖరానికే పోయాం. అక్కడి నుంచి అంతా కనబడింది. ఒకవైపు యార్డు, ఒకవైపు స్టీలు ప్లాంటు పొగగొట్టాలు, వెనక సముద్రం గీత. నేను "ఇదే సార్, ఇదే" అన్నాను. ఇంతలో ఒక విమానం దిగడానికి వస్తూ మా నెత్తి మీదుగా, దాని పొట్ట మీది అక్షరాలు కనబడేంత కిందుగా పోయింది. రాయుడు గారు గొడుగుతో దాన్ని చూపించి, "విమానాలవాళ్ళు ఒప్పుకోర్లే" అన్నారు. శిఖరం మీద గాలి కూడా ఆయన గొడుగును తలకిందులు చేసింది.

కిందికి దిగుతుంటే కొండ భుజం మీద, రెండు బండల మధ్య, చదునైన జాగా కనబడింది. నేలంతా మేకల పెంటికలు. గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. రాయుడు గారు అక్కడ కూర్చుని, అగ్గిపుల్ల గీసి పట్టుకుని చూశారు. మంట నిటారుగా నిలబడింది. "తుపాను గాలి సముద్రం వైపు నుంచే కదా వచ్చేది. ఆ బండ దానికి అడ్డం. మేకలకున్న బుద్ధి మనకి ఇప్పుడొచ్చింది" అన్నారు. కానీ అక్కడ కూర్చుంటే యార్డు సగమే కనబడుతుంది. ముందున్న చెట్లూ బండల అంచూ అడ్డం. ఎంత ఎత్తుకు వెళితే కనబడుతుంది? అది తేలాలి.

మర్నాడు సాయంత్రం ఆయన నన్ను స్కూటరు మీద బీచికి తీసుకువెళ్ళారు. గ్యాసు బెలూన్లు అమ్ముకునే అతని దగ్గర ఉన్న ఎర్ర బెలూన్లన్నీ బేరం చేశారు.

"పుట్టినరోజా బాబూ?" అని అడిగాడతను.

"ఇంకా పుట్టలేదు. పుడుతుంది" అన్నారు రాయుడు గారు.

ఆ బెలూన్ల గుత్తిని రెండు చేతులతో పట్టుకుని నేను వెనక కూర్చుంటే, ఊరంతా మమ్మల్నే చూసింది. సిగ్నలు దగ్గర బస్సులో ఆడవాళ్ళు నవ్వారు. "వెనక్కి లాగేస్తన్నాయి సార్" అంటే, "గట్టిగా పట్టుకో, నువ్వెగిరిపోతే నీ బదులు ఇంకో మనిషిని ఇవ్వరు" అన్నారు. మర్నాడు మిట్టమధ్యాహ్నం వేళ వాటిని కొండ భుజం మీద దారం కట్టి వదిలాం. యార్డు చివర బావ అద్దంతో సిద్ధంగా ఉన్నాడు. గుట్ట మీదుగా అతనికి బెలూన్లు కనబడితే అద్దం తిప్పాలి. అప్పటికి ఓడలింకా రాలేదు, గుట్ట ఎత్తుగానే ఉంది. దారం వదులుతున్నాను, వదులుతున్నాను. ఒక బెలూన్ ముల్లు తగిలి పేలింది. చెట్ల చిగుళ్ళు దాటింది, బండ దాటింది, ఇంకొంచెం వదిలాను. అప్పుడు ఆ ఎర్రటి మసకలో, ఎర్రగుట్ట అవతల, సూదిమొనంత వెలుగు పొడిచింది. ఆరి, మళ్ళీ పొడిచింది. బావ ఆపకుండా తిప్పుతూనే ఉన్నాడు.

"కనబడింది సార్."

"ఇది నేనూ చూసేను" అన్నారు రాయుడు గారు. దారం నేలకు ఆనినచోట ముడి వెయ్యమన్నారు. "ఆ ముడి దగ్గర్నుంచి పైదాకా మన టవర్. కొండ ఇచ్చిన ఎత్తు పుణ్యానికొచ్చింది, మిగతాదే ఇనుముతో కొనుక్కోవాలి. కొంచెమే." చెప్పులు విప్పి ఆ మేకల పెంటికల మధ్యే వెల్లకిలా పడుకుని, బెలూన్లను చూస్తూ చాలాసేపు నవ్వారు.

ఎలాంటిది కట్టాలన్నది ఇంకా మిగిలింది. దాన్ని మర్నాడు ఆఫీసు టేబుల్ మీదే తేల్చారు. చీపురు పుల్లలూ దారమూ తెప్పించి రెండు బొమ్మలు చేశారు. ఒకటి సన్నటి పుల్లకు మూడు వైపులా దారాలు కట్టి లాగినది. రెండోది నాలుగు కాళ్ళ మీద నిలబడి పైకి పోయేకొద్దీ సన్నబడేది. సైకిలు పంపుతో రెండింటి మీదా గాలి కొట్టమన్నారు. రెండూ నిలబడ్డాయి. "ఇప్పుడు సముద్రపు గాలికి తుప్పు పట్టిందనుకో" అని మొదటిదానికి ఒక దారం కత్తెరతో తుంచారు. మిగిలిన రెండు దారాలే దాన్ని లాగి పడేశాయి. రెండోదానిలో ఒక అడ్డపుల్ల తీసేశారు. అది వంకరగా, మొండిగా అలాగే నిలబడింది. "నిలబెట్టినవాళ్ళే పడేసే టవర్ మనకొద్దయ్యా" అన్నారు.

అప్పుడు పెద్దసారు పిలిచారు. నేను ఆ గది బయట ఫోను లైను బాగుచేస్తున్నాను. లోపలి మాటలు వినకూడదనుకున్నా వినబడ్డాయి.

"కంప్యూటర్ కంటే నీకెక్కువ తెలుసా?"

"లేదండీ. కానీ దానికి మనం ఓడ సంగతి చెప్పలేదండి. గుట్ట సంగతీ చెప్పలేదండి."

"ఆ కొండెక్కించి ఎవరిచేత రిబ్బను కత్తిరిస్తావు? దిబ్బే ఖాయం. ఫైలు మీద సంతకం పెట్టు. పెడితే నీకు ప్రమోషను. పెట్టలేదనుకో, ఎక్కడ ఖాళీ ఉందో వెతికే పని నాది. సాయంత్రంలోగా నా టేబుల్ మీద ఉండాలి."

రాయుడు గారు బయటికి వచ్చి, నన్ను చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం ఆయన గది తలుపు దగ్గరకు వేసి ఉంది. నన్ను వేరే పని మీద గాజువాక పంపారు. సాయంత్రం వచ్చేసరికి ఫైలు పెద్దసారు టేబుల్ మీదకు చేరింది. దానిలో దిబ్బ కాగితం మీద సంతకం లేదు. కొండ కావాలని, ఎందుకు కావాలో, ఒక పేజీ మాత్రం ఉంది. ఫైలుతో పాటే ఆ పేజీ కూడా పైవాళ్ళ దగ్గరకు పోయింది, పైనుంచి ఒక ఇంజనీరు వచ్చారు. రాయుడు గారు ఆయన్ను గుట్ట ఎత్తుగా ఉన్న రోజు చూసి యార్డుకు తీసుకువెళ్ళి అద్దం చేతికిచ్చారు. కొండ మంజూరైంది. దానితో పాటే ఆయన బదిలీ కూడా. సముద్రం వాసనే తగలని ఒక జంక్షనుకు వేశారు. పునాదికి గుంట తవ్వడం కూడా ఆయన చూడలేదు. రైలెక్కిస్తుంటే నాతో అన్నది ఒక్కటే: "బోల్టులకి తుప్పు పట్టకుండా గాల్వనైజ్ పూత వేసేరా లేదా, ఒకరి మాట నమ్మకు. చూడు."

చూశాను. ప్రతి బోల్టూ చూశాను. ఇనుప కమ్ములను భుజాల మీద కొండెక్కించిన కూలీలతో పాటు ఎక్కి, ప్రతి కాలూ నిటారుగా ఉందో లేదో చూశాను. టవర్ లేచింది. తొలిసారి మాట పరీక్షించే రోజున నేను దాని కింద గదిలో కూర్చున్నాను. కావాలనే గుట్ట ఎత్తుగా ఉన్న రోజు పెట్టించాను. బావ గుట్ట వెనక, అద్దం పట్టిన చోటే నిలబడ్డాడు. పెట్టెలో బుస్సుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. చెవి పెట్టెకు ఆనించాను. ఆ బుస తెగింది.

"బావా, నానే. గుట్టెనకాల ఉన్నాను. ఇనబడతందేటి?"

"ఇనబడతంది బావా. పక్కన కూసున్నట్టుంది. సెప్పు."

"ఏటి సెప్పను? ఇంటికి ఫోను సేసి మీ అక్కకి సెప్పు, ఇయ్యాళ్టి నించి ఎసరు ఎట్టేసుకోమను."

నేను రైల్వే ఫోనులో ఆ జంక్షనుకు లైను అడిగి రాయుడు గారికి చెప్పాను. "గుట్ట ఎత్తుగా ఉన్నప్పుడేనా?" అన్నారు. అవునన్నాను. "సరే అయితే" అని పెట్టేశారు. ప్రారంభోత్సవం రోజున పెద్దసారు మైకు పట్టుకుని, ఈ చోటును కంప్యూటర్ ఎంపిక చేసిందని ఉపన్యాసం ఇచ్చారు. వెనక వరసలో నిలబడి పళ్ళు కొరుక్కున్నాను. నాకు మైకు ఎవరిస్తారు?

ఆ ఉపన్యాసాన్నే సంచికలో అచ్చొత్తారు. సంచిక చూసుకున్న ప్రకాశరావుకు ఫోను చేశాను. నాకంటే చిన్నవాడు, నా చేతి కింద పనిచేసినవాడు. "సింహాచలంగారూ, పాత ఉపన్యాసంలో ఉన్నదే వేశాం. ఇన్నేళ్ళకి ఎవరికేం పోయిందండీ" అన్నాడు. ఎవరికేం పోయిందో చెప్పాను. ఒక మనిషి ప్రమోషను పోయింది, పిల్లల బడి మారింది, తను చూసుకుని ముచ్చటపడాల్సిన టవర్ చూడకుండా పోయింది. పోనిది ఒకటుంది, మా బావ ప్రాణం. రెండు కాళ్ళ మీద నడుచుకుంటూ రిటైరై, ఇప్పుడు మల్కాపురంలో అరుగు మీద కూర్చుని నా మీద జోకులేస్తున్నాడు. ఆ లెక్క కంప్యూటర్ ఖాతాలో ఎలా వేస్తావని అడిగాను. ప్రకాశరావు మెత్తబడి, "ఆయన చేత నాలుగు ముక్కలు రాయించి పంపండి, సవరణ వేద్దాం" అన్నాడు.

రాయుడు గారు గోదావరి గట్టున కూతురి దగ్గర ఉంటున్నారు. సంచిక జతచేసి ఉత్తరం రాశాను. నేను ఇప్పటికీ గ్యాసు కట్టేశారా అని ఇంట్లో అడగను, లేచి చూస్తాను. పేపర్లో వార్త చదివితే ఆ చోటికి బస్సెక్కి పోయి చూసొస్తాను. మా కోడలు దీన్ని చాదస్తం అంటుంది. ఇది నాకు ఆయన పెట్టిన చదువు, ఏ బడిలోనూ చెప్పనిది. ఆయనను అడగాలనుకుని అడగలేకపోయిన ప్రశ్న ఒకటి ఎప్పటి నుంచో ఉంది. దాన్ని ఉత్తరం చివర రాశాను: ఆ మధ్యాహ్నం తలుపు వేసుకుని కూర్చున్నప్పుడు, అంత బెదిరింపు నెత్తి మీద ఉండగా, మీకు సంతకం పెట్టాలనిపించలేదా సార్? జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. ఉత్తరం పోయిందేమోనని పోస్టాఫీసుకు రెండుసార్లు వెళ్ళాను. చివరికి వచ్చింది. అక్షరాలు వణికాయి, మాట వణకలేదు.

"సింహాచలానికి ఆశీస్సులు. నీ ఉత్తరమూ సంచికా అందేయి. కంప్యూటర్ సంగతి నువ్వన్నట్టు అబద్ధమే. కానీ నా గురించి నువ్వనుకుంటున్నది కూడా పూర్తిగా నిజం కాదు. ఆ మధ్యాహ్నం నేను సంతకం పెట్టేద్దామనే నిర్ణయించుకున్నాను. ఇద్దరు పిల్లల చదువులు, మా అమ్మ మంచంలో ఉంది, బదిలీ అంటే భయం. పెన్ను మూత తీసి పెట్టుకున్నాను. అప్పుడు అప్పన్న తలుపు తోసుకుని వచ్చేడు. మీ అక్క పంపిందని చేపల పులుసు గిన్నె టేబుల్ మీద, ఆ ఫైలు పక్కనే పెట్టేడు. టవర్ ఎక్కడ కడతారని అడగలేదు. 'బాబూ, రేడియో వొచ్చినాక నానెక్కడున్నా నా మాట డ్రైవరుకి ఇనబడతదని మా ఇంటిదానికి ఒకపాలి మీ నోటితో సెప్పండి, నాను సెప్తే నమ్మట్లేదు' అన్నాడు. ఆదివారం వచ్చి చెబుతానని మాటిచ్చేను. అతను అటు వెళ్ళాక ఆ సంతకం పెట్టలేకపోయేను. అంతే జరిగింది. ఇన్నేళ్ళూ నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. సవరణ వేయిస్తే సరిగ్గా వేయించు. చోటు వెతికింది నేను, ఖాయం చేసింది అప్పన్న. ఇది అతనికి చదివి వినిపించు. ఒప్పుకోడు. అయినా వినిపించు."